సారుగారి బొటనవేలు

మా బ్రాంచి మేనేజరు గారిని అందరూ గంట సారు అనేవాళ్ళు. బల్ల మీద ఇత్తడి గంట ఒకటి పెట్టుకునేవారు; ఒకసారి కొడితే నేను, రెండుసార్లు కొడితే టీ, మూడుసార్లు కొడితే ఆఫీసులో ఎవరికో మూడినట్టు. మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఊళ్ళో నూట పన్నెండు భవనాల్లో మా లిఫ్టులు ఎక్కుతూ, దిగుతూ, అప్పుడప్పుడు మధ్యలో ఆగుతూ ఉండేవి. ఆగినప్పుడల్లా ఆ భవనం వాళ్ళు మాకు ఈమెయిల్ పంపేవాళ్ళు, గంట సారు జవాబు రాసేవారు. ఎలా రాసేవారో ముందు చెప్పాలి.

సారు కంప్యూటరు ముట్టరు. పొద్దున్నే వచ్చిన ఈమెయిళ్ళన్నీ నేను కాగితాల మీద తీసి, అట్ట ఫైల్లో పెట్టి ఆయన ముందుంచాలి. ఆయన ఎర్ర పెన్నుతో కాగితం పక్క ఖాళీలో జవాబు గీకుతారు. అది చూసి నేను టైపు చేసి, ఆయన పేరు మీద పంపాలి. పంపింది ఆయన మళ్ళీ చూడరు. రాసింది తిరిగి చదువుకోవడం చేతకానివాళ్ళ పని అని ఆయన సిద్ధాంతం. నా హోదా 'ఉత్తర ప్రత్యుత్తరాల సహాయకురాలు'. పదకొండేళ్ళు ఆ ఎర్ర సిరాకి సహాయం చేశాను.

ఒక అపార్ట్‌మెంటు కార్యదర్శి పాపం "లిఫ్టులో ఏదో చప్పుడు వస్తోంది, దయచేసి చూడండి" అని రాస్తే, పక్కన ఎర్ర సిరాలో "నీ నోటి చప్పుడు కంటేనా?" అని ఉండేది. నేను టైపు చేసింది: "మీ ఫిర్యాదు అందింది. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాము. రేపు ఉదయం మా మెకానిక్ వస్తారు." ఆయన 'గాడిద' అని మొదలుపెడితే నేను 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టేదాన్ని. ఆయన 'చావనీ' అంటే నేను 'త్వరలో పరిశీలిస్తాము' అనేదాన్ని. ఎర్ర సిరాలో మెకానిక్ ఊసే ఉండదు కాబట్టి ఆ మెకానిక్‌ని పంపే పని కూడా నాదే. ఏడాదికోసారి జరిగే పెద్ద మీటింగులో మా సారుకి 'మర్యాద గల మేనేజరు' అని రెండుసార్లు ప్రశంసాపత్రం వచ్చింది. వాటికి అద్దాలు బిగించి, గోడకి మేకులు కొట్టించింది కూడా నేనే.

ఒక మంగళవారం హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. బ్రాంచి మేనేజర్లందరికీ కొత్తరకం ఫోను ఇస్తున్నామని, మాట్లాడుకోవడానికీ ఈమెయిళ్ళు చూసుకోవడానికీ ఇక ఒకటే యంత్రం చాలునని, మూడు రకాల్లో ఎవరికి అనువైనది వారు ఎంచుకోవచ్చునని అందులో ఉంది. చివరి వాక్యం: 'ఫోనులు చేతికి అందిన పిమ్మట ఉత్తర ప్రత్యుత్తరాల సహాయకుల అవసరం ఉండబోదు గనుక, వచ్చే నెల ఒకటో తేదీ నుండి ఆ పోస్టులు రద్దు.' నా ఉద్యోగానికి పెట్టిన ముహూర్తాన్ని నేనే కాగితం మీదకి తీసుకుని, మూడు లిఫ్టు ఫిర్యాదుల కింద సర్ది, సారు ముందు పెట్టాను. కాసేపటికి ఒక గంట మోగింది. వెళ్ళి చూస్తే ఎర్ర సిరాలో ఇలా ఉంది: "మంచిదే. ఏ ఫోను బావుంటుందో ఆవిడనే చూసి చెప్పమనండి."

ఆవిడ అంటే నేనే. ఎదురుగా నిలబడి ఉన్నదాన్ని. నాకు ఒళ్ళు మండింది, కానీ 'అలాగే సార్' అని ఫైలు తీసుకుని వచ్చేశాను.

మా అన్నయ్య పోయాక నేనూ మా వదినా ఒకే ఇంట్లో ఉంటున్నాం. వదిన ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళు బక్కచిక్కితే బట్టలు బిగిస్తుంది, ఒళ్ళు చేస్తే వదులు చేస్తుంది. కూరగాయలకి ఆవిడ మిషను చాలుతుంది, ఇంటద్దెకి నా జీతం కావాలి. నలభై తొమ్మిదేళ్ళ టైపిస్టుని పిలిచి కుర్చీ వేసేవాళ్ళెవరూ లేరని మా ఇద్దరికీ తెలుసు. సంగతి చెప్పగానే వదిన మిషను ఆపింది.

"మూడింట్లో ఏది ఎందుకూ పనికిరాదో అది ఎంచు, అమ్మాయ్. నాలుగు రోజులు దాంతో కుస్తీ పట్టి, నీ బల్ల దగ్గరికే వస్తాడు."

"అది మోసం కాదా వదినా?"

"పదకొండేళ్ళు గాడిదని గౌరవనీయులని టైపు చేశావు. అది మోసం కాదా?"

పనికిరానిదే ఎంచుదామని మనసులో గట్టిగా అనుకుని మర్నాడు సారు వెంట ఫోన్ల షాపుకి వెళ్ళాను.

షాపాయన గాజుబల్ల మీద మూడూ పెట్టాడు. మొదటిదానికి పైన చిన్న తెర, కింద పుచ్చగింజలంత మీటలు, ఒక్కో గింజ మీద ఒక్కో అక్షరం. ఉత్తరం వస్తే ఎర్రదీపం వెలిగి ఆరుతుంది. రెండోదానికి పక్కన దూర్చిన పుల్ల ఒకటి ఉంది. ఆ పుల్ల తీసి తెర మీద గీకితే, మనం గీకింది వదిలేసి అది తనకి నచ్చిన అక్షరం వేస్తుంది. మూడోదానికి మీటలే లేవు, మొహమంతా అద్దం. సారు దాన్ని ఎత్తి పట్టుకుని మీసం చూసుకున్నారు. దాని చార్జింగు సాయంత్రం దాకా ఆగదని షాపాయన నిజాయితీగా చెప్పాడు.

"మరి సాయంత్రం నాకు కోపమొస్తే?" అన్నారు సారు.

షాపాయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు బాగా అర్థమైంది.

"మా జనరల్ మేనేజరు గారికి ఏది ఉందో?" అని నన్నడిగారు.

"నాకెలా తెలుస్తుంది సార్?"

"కనుక్కోవాలమ్మా. ఆయనదానికంటే చిన్నది ఉంటే మనకి చిన్నతనం. పెద్దది ఉంటే ఆయనకి కోపం." తర్వాత గింజల ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి, అడుగు భాగం వేలితో తడిమి చూశారు. "కాగితం ఎటునుంచి బయటికొస్తుంది?"

షాపాయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. కాగితం రాదనీ, తెర మీదే చదువుకోవాలనీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. కాగితం లేకపోతే పక్కన ఎక్కడ రాయాలని సారు ఇంకో పావుగంట వాదించారు.

నా చెయ్యి అప్పటికే పుల్ల ఫోను మీద ఉంది. "సార్, మీ హోదాకి ఇదే తగ్గది. పెన్ను పట్టిన చెయ్యి కదా, ఇదీ పెన్నులాగే ఉంటుంది" అన్నాను. సారు మొహం వికసించింది. పుల్లని వేళ్ళ మధ్య పెట్టుకుని గాల్లో సంతకం చేసి చూసుకున్నారు. ఇంటద్దె గట్టెక్కిందనుకున్నాను.

ఇంతలో షాపాయన మర్యాదకి అడిగాడు: "మేడమ్ మీ ఉత్తరాలన్నీ చూసుకుంటారా సార్?"

"ఆవిడా? ఆవిడ చేసేది టైపేనండీ. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టడం. ఇక ఆ పని నా బొటనవేలు చేస్తుంది."

చెప్పింది చెప్పినట్టు! చెప్పింది చెప్పినట్టు కొట్టి ఉంటే మొదటి ఏడాదే ఈయన్ని మెడపట్టి గెంటేవాళ్ళు. పదకొండేళ్ళు ఈ నోటికి అడ్డంగా నిలబడింది నేనైతే, నా స్థానంలోకి వచ్చేది బొటనవేలా? అద్దె, వదిన, ముందు జాగ్రత్త అన్నీ ఒక్కసారిగా మర్చిపోయాను. పుల్ల ఫోను ఆయన చేతిలోంచి మెల్లిగా తీసి పక్కన పెట్టాను.

"వద్దు సార్. పుల్ల ఎక్కడో పారేసుకుంటారు. ఇది తీసుకోండి." గింజల ఫోను ఆయన అరచేతిలో పెట్టాను. "మీరు అనుకున్నది అనుకున్నట్టు ఇక్కడ కొట్టి, ఈ పెద్ద మీట నొక్కితే చాలు, వెళ్ళిపోతుంది. మధ్యలో ఎవరూ ఉండరు."

"అదీ!" అన్నారు సారు. "మధ్యలో ఎవరూ ఉండకూడదు."

ఆ సాయంత్రం వదిన నన్ను తిట్టిన తిట్లు గంట సారు కూడా తిట్టి ఉండరు. కూర్చున్న కొమ్మని నరుక్కున్నదాన్ని ఇంతవరకు చూడలేదంది. తప్పు నాదే అని ఒప్పుకున్నాను, కానీ లోపల మాత్రం కాస్త చల్లగా ఉంది. సారుకీ రోజులు దగ్గరపడ్డాయిగా, చూద్దాం అనుకున్నాను.

మొదటి రెండు రోజులు సారు ఎర్రదీపాన్ని చూసి మురిసిపోవడంతోనే సరిపోయింది. మూడోరోజుకి బొటనవేలికి దారి తెలిసింది. ఇదివరకు ఆయన కోపం కాగితమెక్కి, ఫైలెక్కి, నా బల్ల మీదకి వచ్చేసరికి సగం ఆరిపోయేది. ఇప్పుడు పొయ్యి మీది నుంచి సరాసరి వడ్డన. మంగలి కుర్చీలోంచి, మరుగుదొడ్డిలోంచి, ఎక్కడపడితే అక్కడినుంచి జవాబులు పోతున్నాయి. వచ్చే ఉత్తరాలు ఆయన జేబులోనే దిగుతున్నాయి గనుక నాకు కనిపించేవి కావు. వాటి ఫలితాలు మాత్రం నా బల్ల మీది ఫోనుకి వచ్చేవి.

"సారుకి ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని అపార్ట్‌మెంటు కార్యదర్శి అడిగాడు. ఇంకొకాయన, సారు ఫోను ఎవరో రౌడీ కొట్టేశాడని, వెంటనే పోలీసులకి చెప్పమని సలహా ఇచ్చాడు. అంత మర్యాదస్తుడు ఇలా రాస్తాడని ఒక్కరికీ అనుమానం రాలేదు. పదకొండేళ్ళ నా కష్టం అంత గట్టిగా పాతుకుపోయింది.

వింత ఏమిటంటే మిగతా బ్రాంచీల్లోనూ ఇదే గోల. అయిదు బ్రాంచీలు, మూడురకాల ఫోన్లు, ఒకటే రోగం. ప్రతి బ్రాంచిలోనూ నాలాంటిది ఒకతె ఉండేదని హెడ్డాఫీసుకి తట్టలేదు. ఫోన్లలో ఏదో లోపం వల్ల మర్యాద తగ్గిపోతోందని వాళ్ళు తేల్చారు. ఒక నిపుణుడిని పంపారు. ఆయన మా సారు ఫోను విప్పి, ఊది, మళ్ళీ మూసి, "వేడెక్కుతోంది, విశ్రాంతి ఇవ్వండి" అని రాసిచ్చి పోయాడు. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం గంటసేపు ఫోనుని ఫ్యాను కింద పడుకోబెట్టేవారు. నేను నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. ఇంటికెళ్ళి వదినకి చెబితే సూది గుచ్చుకునేంతగా నవ్వేది.

ఆ నవ్వు కంటి ఆసుపత్రి దగ్గర ఆగిపోయింది.

ఏడంతస్తుల కంటి ఆసుపత్రి. నాలుగు లిఫ్టులూ మావే, మాకు అందరికంటే పెద్ద గిరాకీ. ఒకరోజు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఇరవై నిమిషాలు ఆగిపోయింది. లోపల రెండు కళ్ళకీ కట్టు కట్టి ఉన్న ముసలావిడ ఒక్కతే ఉంది. తోడు వచ్చిన మనవరాలు మందుల చీటీ మర్చిపోయి కిందకి దిగిందట. ఆవిడ ఇరవై నిమిషాలూ తలుపుని చేత్తో కొడుతూ, ఎవరైనా ఉన్నారా అని పిలుస్తూనే ఉంది. అంతకుముందే ఆ లిఫ్టు కుదుపుతోందని ఆసుపత్రివాళ్ళు రెండుసార్లు రాశారు. రెండూ సారు జేబులోనే ఉన్నాయి. మూడోసారి రాసినదానికి మాత్రం సారు బొటనవేలు కదిలింది: "కళ్ళకి కట్టు ఉన్నవాళ్ళకి లిఫ్టు ఆగితే ఏం, కదిలితే ఏం? కనపడదుగా."

ఇది ఆయన చమత్కారం. గదిలో ఒక్కరే నవ్వుకోవడం నాకు వినిపించింది కూడా.

మర్నాడు పన్నెండింటికి జనరల్ మేనేజరు ఫోను చేశారు. మూడు గంటల్లోగా రాతపూర్వకంగా క్షమాపణ చెప్పకపోతే నాలుగు లిఫ్టుల పనీ వేరే కంపెనీకి ఇచ్చేస్తామని ఆసుపత్రి నడిపే మేడమ్ అన్నారట. ఆ పని పోతే సారు కుర్చీ కూడా పోతుందని చెప్పి పెట్టేశారు. ఈసారి గంట మోగలేదు. సారు స్వయంగా లేచి నా బల్ల దగ్గరికి వచ్చారు. చేతిలో కాగితం, ఎర్ర సిరా: "అయిందేదో అయింది. ఎవరూ చావలేదుగా. ఇక వదిలెయ్యండి."

"క్షమాపణ ఇదేనా సార్?"

"మామూలుగా నువ్వు సర్దుతావు కదమ్మా, అలా సర్దు."

నాకు ఒక్కక్షణం అర్థం కాలేదు. "నేను సర్దుతానని మీకు తెలుసా?"

"తెలీకేం? అలాగే పంపించడానికి నాకేం పిచ్చా? నువ్వున్నావన్న ధైర్యంతోనే నోటికొచ్చింది రాసేవాణ్ణి." ఫోను తీసి అసహ్యంగా చూశారు. "ఇదీ సర్దుతుందనుకున్నాను. ఇంత ఖరీదు పెట్టారు కదా, ఆ మాత్రం చెయ్యదా అనుకున్నాను. ఇది గట్టెక్కించు, నీ పోస్టు ఉంచమని నేను చెప్తాను."

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. నేను మీటల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఈ నోటికి అడ్డంగా నిలబడ్డానని ఇన్నాళ్ళూ విర్రవీగాను. నిజానికి నేను ఆయన కాళ్ళు తుడుచుకునే గోనెపట్టాని. పట్టా ఉందని తెలిసే ఆయన బురదలో నడిచారు.

మా మెకానిక్ ఒకతను ఉన్నాడు, అందరూ గ్రీజు అంటారు. మూడేళ్ళ కిందట భార్య ప్రసవానికి నాలుగు రోజులు సెలవడిగితే ఎర్ర సిరాలో వచ్చిన జవాబు: "కనేది ఆవిడా, నువ్వా?" నేను టైపు చేసిచ్చింది: "పని ఒత్తిడి వల్ల సెలవు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నాము. తల్లీబిడ్డలు క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాము." గ్రీజు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సారు ఎంత మంచిగా కాదన్నారమ్మా" అన్నాడు. ఆరోజు నా పనితనానికి నేను మురిసిపోయాను. ఎర్ర సిరా చూసి ఉంటే గ్రీజు తిరగబడేవాడు, సెలవు తీసుకునేవాడు, భార్య దగ్గర ఉండేవాడు. నేను మెత్తగా కాదన్నాను గనుక నోరు మూసుకుని వెళ్ళి ఎవరిదో లిఫ్టు బాగుచేశాడు. అది తలుచుకుంటే నాకు సిగ్గేసింది. దానికంటే ఎక్కువ సిగ్గు, చీకట్లో తలుపు కొట్టిన ఆ ముసలావిడని తలుచుకుంటే. సారు తిట్లు బయటపడాలనే కోపంలో, ఫిర్యాదులు కూడా ఆయన జేబులోకే పోతాయన్న సంగతి నేను ఆలోచించలేదు.

ముందు గ్రీజుకి ఫోను చేసి ఆసుపత్రికి పంపాను. రెండింటికల్లా అతను కబురు చెప్పాడు. బ్రేకు పట్టీలు అరిగిపోతే మార్చాడట. రెండు వారాల కిందట చెప్పి ఉంటే అరగంట పనేనట. అప్పుడు కూర్చుని ఉత్తరం రాశాను. సారు పేరుతో కాదు, నా పేరుతో.

"మీ లిఫ్టు బ్రేకు పట్టీలు అరిగిపోయాయి. మీరు రెండుసార్లు రాసినా మా ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ మార్పించాను. మా మేనేజరు గారి నుంచి మీకు ఇన్నేళ్ళూ వచ్చిన మర్యాదంతా నేను రాసినది. నిన్న వచ్చింది ఆయన రాసినది. ఆయన తరఫున క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు, ఆయనకి పశ్చాత్తాపం లేదు. నా తరఫున చెబుతున్నాను. ఆ పెద్దావిడకి చెప్పండి."

రెండూ నలభైకి పంపించాను. నా ఉద్యోగంతో పాటు సారు కుర్చీ కూడా పోయిందనుకున్నాను, నిజం చెప్పొద్దూ, ఆ రెండో సంగతికి సంతోషంగానే ఉంది.

నాలుగింటికి జవాబు వచ్చింది.

"నమస్తే అండీ. నేను ఇక్కడ మేడమ్ దగ్గర టైపిస్టుని. మీ ఉత్తరం ఆవిడకి చూపించలేదు, చూపిస్తే మీ ఆఫీసు మీద కేసు పెట్టేవారు, ముందు మీ ఉద్యోగమే పోయేది. 'క్షమాపణ వచ్చింది, లిఫ్టు బాగయింది' అని ఒక్క ముక్క చెప్పి, లిఫ్టుల పని మీకే ఉంచే కాగితం మీద సంతకం పెట్టించేశాను. ఇన్నేళ్ళూ మా మేడమ్ పేరుతో మీకు రాసింది నేనేనండీ. ఆవిడ అసలు రాతలు మీరు చూసి ఉంటే తట్టుకోలేకపోయేవారు. పెద్దావిడకి మాత్రం మీ మాట నేనే వెళ్ళి చెప్పాను. మంచినీళ్ళు అడిగింది, ఇచ్చాను."

నేను ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. పదకొండేళ్ళు రెండు నోళ్ళ మధ్య కూర్చుని మేమిద్దరం ఒకరికొకరం మర్యాదలు చేసుకుంటూ గడిపామన్నమాట. నేను జన్మలో ఒక్కసారి ఉన్నదున్నట్టు రాస్తే, అవతల ఆవిడ దాన్నీ సర్దేసింది.

శుక్రవారం హెడ్డాఫీసు నుంచి సారుకి అభినందన వచ్చింది. అంత గొప్పగా క్షమాపణ రాసి ఆసుపత్రిని నిలబెట్టారని, విశ్రాంతి ఇవ్వడంతో ఫోను దారిలోకి వచ్చినట్టుందని, కాబట్టి సహాయకుల పోస్టుల రద్దులో మార్పేమీ లేదని రాశారు. నా పోస్టు ఉంచమని సారు ఒక్క ముక్క రాయలేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. నేను అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి అనేవారు, దాన్ని నేను అలవాటు కొద్దీ మనసులో మెత్తగా మార్చుకునేదాన్ని.

వదినకి చెబితే తన గుండీల డబ్బా నా ముందుకి తోసింది. "రేపటినుంచి ఇవి కుట్టు. గుండీలు ఎవర్నీ తిట్టవు, నువ్వు సర్దక్కర్లేదు. అద్దె సంగతి ఇద్దరం ఏడుద్దాంలే."

నెలాఖరు రోజున బల్ల ఖాళీ చేస్తుంటే ఆసుపత్రి టైపిస్టు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. వాళ్ళ మేడమ్‌కి కూడా ఈమెయిల్ వచ్చే ఫోను కొంటున్నారట, అది రాగానే తన పోస్టు ఉండదట, ఏది కొనాలో చూడమని తనకే చెప్పారట. 'మీరు ఏది ఎంచారో చెబుతారా?' అని అడిగింది.

నేను రాశాను: "మీకు ఇల్లు గడవాలా, కడుపుమంట చల్లారాలా? ఇల్లు గడవాలంటే పుల్ల ఉన్న ఫోను. కడుపుమంట చల్లారాలంటే గింజల మీటలున్న ఫోను. కానీ ఏది ఎంచినా, రోగుల ఫిర్యాదులు ఇంకెవరికైనా కూడా చేరేలా ముందే ఏర్పాటు చెయ్యండి. నేను ఆ పని చెయ్యలేదు."

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది.

"ఫిర్యాదులు హెడ్ నర్సుకి కూడా వెళ్ళేలా ఇప్పుడే పెట్టించాను. గింజలది ఏ షాపులో దొరుకుతుందండీ?"